కథాసాహిత్యమున ఆఫ్ఘను చరిత్రము

పాత తరము తెలుగువారికి ఆఫ్ఘను దేశస్థుడనగా కాబూలీవాలాయే. ఇంగువయు, ఎండుద్రాక్షయు, బాదము పప్పును మూటగట్టుకొని వచ్చి, అప్పులిచ్చి, గడువు దాటినచో గుమ్మము కదలక కూర్చుండు పొడవాటి మనిషి యొకడు వారి యెఱుకలో నుండెను. అప్పులవాడు విడువక వెంటబడినప్పుడు ‘కాబూలీవాలావలె పట్టుకొన్నాడు’ అనుట వాడుక. ఆ మనిషికి ఇల్లున్నదా, పిల్లలున్నారా, అతడు విడిచి వచ్చిన ఊరిలో ఏమి జరుగుచున్నది అను ప్రశ్న మాత్రము చాలకాలము ఎవరికిని తోచలేదు. ఆ దేశమును గురించి ఆంగ్లమున వెలువడిన తొలి కథలును ఇంచుమించు ఈ తీరుననే సాగినవి. వాటిలో ఆఫ్ఘనుడు గుమ్మమువద్ద నిలిచిన వాడేగాని, గుమ్మము గలవాడు కాడు.

అహమ్మదు షా దుర్రానీ 1747లో నెలకొల్పిన రాజ్యమునకు తరువాతి రెండు శతాబ్దములలో ఆంగ్లేయులతో మూడు యుద్ధములు జరిగినవి: 1839–42, 1878–80, 1919. 1979 డిసెంబరులో సోవియటు సేనలు ప్రవేశించి 1989 ఫిబ్రవరిలో వెడలినవి. 1992లో కాబూలు ముజాహిదీను పక్షముల చేతికి వచ్చి, వారి అంతఃకలహములచే శిథిలమైనది. 1996లో తాలిబానులు వచ్చిరి. 2001లో అమెరికా సేనలచే తొలగింపబడిరి. 2021 ఆగష్టు 15న మఱల కాబూలు ప్రవేశించిరి. ఈ యుద్ధములలో పెక్కింటికి తనదైన కథాసాహిత్యము కలదు. ఆ సాహిత్యమును పరిశీలించువారికి ఒక భేదము స్పష్టముగా కానవచ్చును. కొన్ని కథలు సేన తిరిగిపోవుటతో ముగియును. కొన్ని కథలు అక్కడనే మొదలగును. మొదటివి వచ్చి పోయినవారు వ్రాసినవి. రెండవవి ఆ నేలపై పుట్టినవారు వ్రాసినవి. నడుమ బంగాళీ కథ యొకటి నిలిచి యున్నది. దానిని తరువాత చూడవచ్చును.

మొదటి యుద్ధమున ఆంగ్లేయులు పొందిన పరాభవము అందఱెఱిగినదే. 1842 జనవరిలో కాబూలు విడిచిన సేనలో సుమారు 4,500 మంది సైనికులును, 12,000 మంది పరిచారకులు, వారి కుటుంబములవారును ఉండిరి. మంచులో, కనుమలలో వారు నశించిరి. జనవరి 13న డాక్టరు బ్రైడన్ ఒక్కడు అలసిన గుఱ్ఱముపై జలాలాబాదు కోట చేరెను. ఆ ఒంటరి రౌతు రూపమే ఆంగ్లేయుల ఊహలో పాతుకొన్నది. 1879లో ఎలిజబెత్ బట్లర్ చిత్రించిన పటము దానికి స్థిరత్వము నిచ్చినది. నిజమునకు వెనుక మఱికొందఱు సిపాయీలును, పరిచారకులును బ్రతికి చేరిరి. బందీలైన వారు కొందఱు విడుదలయైరి. కాని చిత్రమునకు ఒక్కడే చాలును. జార్జి మెక్‌డొనాల్డ్ ఫ్రేజర్ 1969లో వ్రాసిన ‘ఫ్లాష్‌మన్’ నవల ఈ ఘట్టమునే తీసికొని, వీరుడని పేరుపడిన పిఱికివాని నోట నడపి, సామ్రాజ్యపు డాంబికమును వెక్కిరించినది. వెక్కిరింత ఘాటైనదే. అయినను దాని గుఱి ఆంగ్లేయుడే. ఆఫ్ఘనుడు అక్కడను రంగాలంకరణమే.

ఆ పన్నెండువేల పరిచారకులెవరు? వంటవారు, నీళ్లు మోయువారు, ఒంటెలు తోలువారు, వారి ఆలుబిడ్డలు. వారిలో అధికులు భారతీయులే. సైనికులలోను అధికభాగము బంగాళా సైన్యపు సిపాయీలే. ఉత్తరాదిని సిపాయీకి ‘తిలంగా’ అను పేరు చిరకాలము చెల్లినది. కుంఫిణీ తొలినాటి పటాలములలో తెలుగుదేశపువారుండుటచే ఏర్పడిన పేరది. రెండవ యుద్ధమున బెంగుళూరు కేంద్రముగాగల మదరాసు శాపర్ల దళము పాల్గొని, 1878–80 యుద్ధపు గౌరవచిహ్నము పొందినది. దక్షిణాది కూలివాడు, సైనికుడు ఆ కనుమలలో బాటలు వేసినాడు, వంతెనలు కట్టినాడు. ఆంగ్ల నవలలలో మాత్రము ఇట్టివారు తఱచు పేరులేని గుంపుగానే కనబడుదురు. ఈ లోటు ఆఫ్ఘనులది మాత్రమే కాదనుటకు ఇది సాక్ష్యము.

రెండవ యుద్ధమునకు సాహిత్యమున దక్కిన ప్రసిద్ధి చిత్రమైనది. 1880 జూలై 27న మైవాండు వద్ద అయూబు ఖాను సేనలు ఆంగ్లసేనను ఓడించినవి. ఏడేండ్ల పిదప ఆర్థర్ కొనన్ డాయిల్ తన మొదటి షెర్లాక్ హోమ్స్ నవలయందు డాక్టరు వాట్సనును ఆ యుద్ధమున గాయపడినవానిగా ప్రవేశపెట్టెను. హోమ్స్ మొదటి చూపుననే కనిపెట్టునది అతడు ఆఫ్ఘనిస్థానమునుండి వచ్చినాడనియే. ఆ గాయము మొదటి నవలలో భుజమునకు తగిలినది. రెండవ నవలలో కాలికి మాఱినది! గ్రంథకర్తకు మైవాండు ఎంత దూరమో దీనివలన తెలియును. ఆఫ్ఘనుల దృష్టిలో అదే యుద్ధభూమి మలాలై అను యువతి పేరుతో ముడివడి యున్నది; వెనుదీయుచున్న వారిని ఆమె పిలుపే నిలిపినదని వారి ఐతిహ్యము. ఒకే దినము ఒకచోట గాయపు మచ్చగాను, వేఱొకచోట ఆడుబిడ్డలకు పెట్టుకొను పేరుగాను మిగిలినది.

రడ్యార్డ్ కిప్లింగ్ 1888లో వెలువరించిన ‘రాజు కాదలచిన వాడు’ కథ ఈ వర్గములో ఉత్తమమైనది. డ్రావట్, కార్నహాన్ అను ఇద్దఱు దేశదిమ్మరులు తుపాకులు తీసికొని హిందూకుష్ పర్వతములలోని కాఫిరిస్థానమునకు పోయి, అక్కడి ప్రజలకు దేవతలుగా చెలామణి యగుదురు. పెండ్లినాడు వధువు కొఱుకగా డ్రావట్ మెడనుండి రక్తము కాఱును; దేవతకు రక్తము కాఱదు గదా. జనము తిరుగబడుదురు. త్రాటి వంతెన తెగును. సామ్రాజ్యమునకు ఇంతకన్న క్లుప్తమైన దృష్టాంతము ఆ కాలపు ఆంగ్ల కథలలో అరుదు. కాని ఈ కథకు కిప్లింగ్ వ్రాయని అనుబంధ మొకటి కలదు. 1895–96 శీతకాలమున అమీరు అబ్దుర్ రహమాను కాఫిరిస్థానమును జయించి, ప్రజలను ఇస్లామునందు చేర్చి, దానికి నూరిస్థానమని పేరు మార్చెను. కథ వెలువడి ఎనిమిదేండ్లయినను నిండకమునుపే కథలోని దేశము పేరుతోగూడ మాయమైనది. ఆ ప్రజలకు నిజముగా వచ్చిన రాజు ఆంగ్లేయుడు కాడు, కాబూలునుండి వచ్చినవాడే. వారి కొయ్యవిగ్రహములు కొన్ని కాబూలు వస్తుప్రదర్శనశాలకు చేరినవి. వారి కథను వారి వైపునుండి చెప్పినవారు కిప్లింగుకు లభించిన పాఠకులలో నూఱవవంతునైనను పొందలేదు.

ఇక పైని చెప్పిన బంగాళీ కథ. రవీంద్రనాథ ఠాకూరు ‘కాబూలీవాలా’ను 1892లో వెలువరించెను. కథ అందఱెఱిగినదే గనుక వివరింప నక్కఱలేదు. కలకత్తాలో ఎండుపండ్లు అమ్ముకొను రహమతు, అయిదేండ్ల మినీతో చెలిమి చేయును. బాకీ ఎగవేసిన వానిని కత్తితో పొడిచి చెఱసాలకు పోవును. ఏండ్ల తరువాత మినీ పెండ్లినాడు తిరిగివచ్చును. అతని చొక్కా లోపలనుండి వెలికివచ్చిన మాసిన కాగితముపై చిన్నచేతి మసిముద్ర యొకటి యుండును. అది అతని కూతురిది. పటము తీయించు స్తోమత లేని తండ్రి, బిడ్డ అరచేతికి మసి పూసి, కాగితముపై అద్ది, ఏటేట కలకత్తా వీథులకు గుండెకానించుకొని తెచ్చుకొన్నాడు. యుద్ధము పేరెత్తని ఈ కథ ఆఫ్ఘనునకు గుమ్మము నిచ్చినది. ఆ గుమ్మము వెనుక ఒక బిడ్డను నిలిపినది.

ఈ కథలో సాధారణముగా గమనింపబడని చరిత్రాంశమొకటి కలదు. మినీ తల్లి రహమతును చూచి జంకును. పిల్లలను ఎత్తుకొనిపోవుట లేదా, కాబూలులో బానిసత్వము లేదా అని భర్తను ప్రశ్నించును. భర్త నవ్వి కొట్టివేయును. పాఠకుడును ఆమెది వట్టి పిఱికితనమని తలచును. రహమతు విషయమున ఆమె భయము నిరాధారమే. కాని బానిసత్వమును గూర్చి ఆమె చెప్పినది అబద్ధము కాదు. సరిగా ఆ సంవత్సరములలోనే, అనగా 1891–93 నడుమ, అబ్దుర్ రహమాను మధ్యపర్వతములలోని హజారా జాతిపై దండెత్తి అణచివేసెను. వారి భూములు పోయినవి. వేలకొలది స్త్రీలు, పిల్లలు బానిసలుగా అమ్ముడుపోయిరి. అనేకులు క్వెట్టాకును పారసీకమునకును పాఱిపోయిరి. బానిసత్వమును చట్టముచే తొలగించినది అమానుల్లా 1923 నాటి రాజ్యాంగము. కలకత్తా ఇల్లాలి నోట ఒక్క ప్రశ్నగా వచ్చి పోయిన ఈ సంగతియే, నూటపదకొండేండ్ల తరువాత ఒక ఆఫ్ఘను వైద్యుని నవలకు ప్రాణమైనది.

బంగాళీయులు కాబూలును మఱవలేదు. సయ్యదు ముజ్తబా అలీ 1927–29 నడుమ అక్కడ ఉపాధ్యాయుడుగా నుండి, అమానుల్లా పతనమును కన్నులార చూచి, ‘దేశే బిదేశే’ వ్రాసెను. అది యాత్రాగ్రంథముగాని కల్పన కాదు. అయినను అందలి పరిచారకుడు పంజషీరు నివాసి అబ్దుర్ రహమాను, పెక్కు నవలల నాయకులకన్న సజీవుడు. తెలుగువారికి ఈ గ్రంథపు పరిచయము తక్కువ. మనకు ఆఫ్ఘను నేలతో సాహిత్యసంబంధము వేఱొక త్రోవను కలిగినది. గుఱ్ఱం జాషువ 1932 నాటి ‘ఫిరదౌసి’ కావ్యమున గజనీ మహమ్మదు ఆస్థానమును, మాట తప్పిన ప్రభువును, మోసపోయిన కవిని నిలిపినాడు. గజనీ నేటి ఆఫ్ఘనిస్థానములోని పట్టణమే. షానామా అను గ్రంథము పేరు పల్లెటూరి తెలుగు విద్యార్థికి తెలిసినదన్న అది జాషువ చలువయే.

1979 తరువాతి యుద్ధము పాత యుద్ధములవంటిది కాదు. బాంబులు పల్లెలపై పడినవి; యాబది లక్షలకు పైబడిన జనము పాకిస్తానుకును ఇరానుకును తరలిపోయినది. సోవియటు పక్షమునను సుమారు 15,000 మంది మరణించిరి. 1981–83లో అక్కడ సైనికుడుగా నుండిన ఒలేగ్ యెర్మకోవ్ 1992లో ‘మృగచిహ్నము’ అను నవల వ్రాసెను. తనవారు చేసినదియు, తనవారికి జరిగినదియు దాచని గ్రంథమది. కాని ఇదియు వచ్చి పోయినవాని కథయే. సైనికుడు ఇంటికి చేరును. ఆ ఇంట అతడు కుదురుకొనలేకపోవుటయే అతని కథ. పల్లె ఏమైనదో చెప్పవలసినవారు పల్లెవారు.

చెప్పినవారిలో ముఖ్యుడు అతీక్ రహీమీ. 1962లో కాబూలున జన్మించి, 1984లో దేశము విడిచి ఫ్రాన్సు చేరినాడు. అతని ‘ఖాకిస్తర్ ఓ ఖాక్’, అనగా ‘బూడిదయు మన్నును’, పారసీకమునకు ఆఫ్ఘను రూపమైన దరీ భాషలో వ్రాసిన చిన్న నవల. 2000లో ఫ్రెంచి అనువాదము వెలువడినది. దస్తగీరు అను ముసలివాడు, యాసీను అను మనుమని వెంటబెట్టుకొని, ఎండియున్న యేటి వంతెన దగ్గఱ, బొగ్గు గనికి పోవు లారీకొఱకు ఎదురుచూచుచుండును. గనిలో అతని కొడుకు మురాదు పని చేయుచున్నాడు. ఊరు బాంబులకు కాలిపోయినది, నీ తల్లి, నీ భార్య చనిపోయిరి అని కొడుకునకు చెప్పవలెను. కథ అంతయు ఈ ఒక్క మాట చెప్పుటకు చేయు ప్రయాణమే. ప్రేలుడువలన మనుమనికి చెవులు పోయినవి. ఆ సంగతి బాలునికి తెలియదు. లోకమే మూగవోయినదనియు, శకటములు వచ్చి అందఱి గొంతులను ఎత్తుకొనిపోయినవనియు వాడనుకొనును. తాత గొంతునుగూడ ఇచ్చివేసినాడా అని అడుగును.

రహీమీ ఈ కథను మధ్యమ పురుషలో, ముసలివానిని ‘నీవు’ అని పిలుచుచు నడపెను. మొదట అది వింతగా తోచును. పేజీలు తిరిగినకొలది, దుఃఖమున నున్నవాడు తనతో తాను మాటాడుకొను తీరు అదియేనని తెలియును. చివరకు గని చేరిన ముసలివానికి తెలియవచ్చునది మఱొకటి: వార్త తనకన్న ముందే చేరినది, అయినను కొడుకు రాలేదు. ముసలివాడు తన నస్వారు పొడి డబ్బాను కొడుకునకిమ్మని అక్కడ ఇచ్చి వెనుదిరుగును. నాన్న బ్రతికియే యున్నాడని ఆ డబ్బా చెప్పవలెను. సోవియటు సేన కథలో దాదాపు కనబడదు. అది వచ్చినది, కాల్చినది, పోయినది. కథకు కావలసినది తరువాతి దినము.

ఖాలిద్ హొసేనీ ప్రసిద్ధి ఇంతకు ఎన్నోరెట్లు పెద్దది. 1965లో కాబూలున పుట్టి, దౌత్యోద్యోగి యైన తండ్రితో పారిసు వెళ్లి, 1980లో అమెరికాలో ఆశ్రయము పొంది, వైద్యుడైన ఈయన 2003లో ఆంగ్లమున ‘ది కైట్ రన్నర్’ ప్రకటించెను. నవలలోని అమీరు ధనికుడైన పష్తూను బాలుడు. హసను ఆ ఇంటి సేవకుని కొడుకు, హజారా. 1975 శీతకాలమున గాలిపటముల పందెమునాడు హసనుపై జరిగిన ఘోరమైన అత్యాచారమును అమీరు చాటునుండి చూచియు, అడ్డుపడక, నోరు మెదపక ఊరకుండును. ఇక్కడ పాఠకుడు గమనింపవలసినదేమన, ఈ నేరమునాడు ఏ విదేశసేనయు ఆ దేశమున లేదు. అమీరు తన తల్లి పుస్తకములలో ఒక పాత చరిత్రగ్రంథమును చూచి, హజారాలపై జరిగిన దౌర్జన్యమును, పాఠ్యపుస్తకములు చెప్పనిదానిని, తెలిసికొనును. యుద్ధమునకు ముందు కాబూలు చల్లని స్వర్గమని పలుకు వలసజీవుల స్మృతిని ఈ నవల తెలిసియే గాయపఱచినది.

ఈ నవలలోపములు లేనిది కాదు. యాదృచ్ఛికములు ఎక్కువ, దుర్మార్గుడు మఱీ నాటకపు దుర్మార్గుడు, అమెరికా ఆశ్రయస్థానముగా చాల సులువుగా అమరిపోవును. ఆ దేశపు సేనలు కాబూలులో నున్న కాలమున ఈ పుస్తకము లక్షలుగా అమ్ముడుపోవుటకు ఇదియు నొక కారణమని తలచుట అన్యాయము కాదు. అయినను హజారాల మాట లోకమునకు తెలిపిన ఖ్యాతి దానిదే. 2007లో చిత్రముగా తీసినప్పుడు, ఆ అత్యాచార దృశ్యము కారణముగా నటించిన బాలురకు అపాయము కలుగునని శంకించి, వారిని ముందే దేశము దాటించిరి. హసను కుమారునికి సొహరాబు అని పేరు పెట్టుటలో షానామాలోని కథ యున్నది: తెలియక కొడుకును చంపిన తండ్రి కథ. జాషువను చదివిన తెలుగువానికి ఇక్కడ ఒక పాత పరిచయము ఎదురైనట్లుండును. 2007 నాటి హొసేనీ రెండవ నవల ‘ఎ థౌజండ్ స్ప్లెండిడ్ సన్స్’ మఱియము, లైలా అను ఇద్దఱు సవతుల కథ. ముజాహిదీనుల పరస్పరకలహమున కాబూలు నేలమట్టమగుటను వంటింటి కిటికీనుండి చూపినది. రచనగా మొదటిదానికన్న ఇదియే దృఢమైనది.

పరాయివారిలోను గుమ్మము దాటి లోనికి పోగలిగినవారు లేకపోలేదు. పాకిస్తానులో పుట్టి ఇంగ్లండులో పెరిగిన నదీమ్ అస్లం 2008 నాటి ‘ది వేస్టెడ్ విజిల్’లో పాడుబడిన యిల్లొకటి కలదు. అందు పుస్తకములన్నియు ఇంటికప్పునకు మేకులతో దిగగొట్టబడి యుండును. ఇంటి కింది పాత అత్తరు కార్ఖానాలో బుద్ధుని మహాశిరస్సొకటి పడియుండును. 2001 మార్చిలో బామియాను బుద్ధవిగ్రహములు ధ్వంసమైన సంగతి ఎఱిగినవారికి ఈ శిరస్సు దగ్గఱ చదువు ఆగును. అల్జీరియా సేనలో అధికారిగా నుండి, యాస్మినా ఖద్రా అను స్త్రీనామముతో వ్రాసిన రచయిత ‘ది స్వాలోస్ ఆఫ్ కాబూల్’ (2002) మాత్రము వేగముగా చదివించునేగాని, ఊరిని చూపదు.

భాషనుగూర్చిన మాట మిగిలినది. రహీమీ 2008లో ‘సంగే సబూర్’, అనగా ‘ఓర్పు రాయి’, అను నవలను దరీలో గాక నేరుగా ఫ్రెంచిలో వ్రాసెను. గోంకూర్ బహుమతి దానికే వచ్చినది. గొంతులో తూటా దిగి, స్పృహ లేక పడియున్న భర్తతో భార్య తన రహస్యములన్నియు చెప్పుకొనుట అందలి కథ. పారసీక జానపదులలో దుఃఖములు వినివిని పగిలిపోవు రాయి ఒకటి కలదు. ఆ భర్తయే ఆమెకు ఆ రాయి. స్త్రీ నోట ఆ మాటలు పలికించుటకు మాతృభాష అడ్డుపడినదనియు, పరభాష స్వేచ్ఛ నిచ్చినదనియు రహీమీ భావము. యానాము తెలుగువారికి ఫ్రెంచి పరాయిది కాదు. కర్ణాటకమునందో, ఒడిషాయందో, మహారాష్ట్రమునందో పుట్టి పెరిగిన తెలుగువానికి ఇంటిభాష యొకటి, వీథిభాష యొకటి యుండుట నిత్యానుభవము. ఏది ఏ భాషలో చెప్పవచ్చునో, ఏది చెప్పరాదో అతనికి వేఱుగా బోధింప నక్కఱలేదు. ఐతే తరతరములుగా నెమ్మదిగా స్థిరపడినవారికిని, రాత్రికి రాత్రి సరిహద్దు దాటినవారికిని నడుమ గల యంతరము మఱువరానిది. మొదటివారికి భాష తఱుగును. రెండవవారికి అది ఒక్కసారిగా తెగును.

తెగనీయక నిలిచినవారును కలరు. రహ్నవర్ద్ జర్యాబు దరీ కథానవలాకారులలో పేరెన్నికగన్నవాడు. అతని భార్య స్పోజ్మాయియు కథకురాలే. 1990లలో ఫ్రాన్సున ప్రవాసముండి, 2001 తరువాత ఒంటరిగా కాబూలునకు తిరిగి వచ్చి, దరీలోనే వ్రాయుచు 2020 డిసెంబరులో అక్కడనే కన్నుమూసెను. విదేశములలో అతని పేరు విన్నవారు కొలదిమందియే. అతడు పోయిన ఎనిమిది నెలలకు కాబూలు మఱల చేతులు మాఱినది. ఆ సెప్టెంబరులో ఆఱవ తరగతికి పైబడిన బాలికలకు బడులు మూయబడినవి. 2022 డిసెంబరులో విశ్వవిద్యాలయములును మూతపడినవి.

ఆ 2022లోనే 18 మంది ఆఫ్ఘను స్త్రీలు దరీ, పష్తో భాషలలో వ్రాసిన కథలు ఆంగ్లమునకు అనువదింపబడి, ‘నా కలము పక్షిరెక్క’ అను అర్థము గల పేరుతో లండనున వెలువడినవి. అందు సేనానులు లేరు, రాయబారులు లేరు. ఉద్యోగమునకు పోవు స్త్రీలు, ఇండ్లు, వీథులు, పెండ్లిండ్లు, ప్రేలుళ్లు కలవు. ఈ బృందమునకు చెందిన 21 మంది రచయిత్రులు కాబూలు పతనమయిన ఏడాది పొడుగునను ఒకరికొకరు చేతిఫోనులపై పంపుకొన్న మాటలు 2024లో దినచర్యగా ముద్రితమైనవి. ఆ మాటలు మొదలగునాటికి వారు ఒకే దేశమున నుండిరి. ముగియునాటికి వారిలో పెక్కుమంది వేఱు వేఱు దేశములలో నుండిరి.